ముందు రంగు వేయండి, దీపాలు తర్వాత

గౌరవనీయులు, ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి శ్రీ కందుల దుర్గేష్ గారికి,



హౌరా పక్కన ఉన్న లిలువా నుంచి రాస్తున్నాను. రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఊరు మాది. మీరు ప్రాతినిధ్యం వహిస్తున్న నిడదవోలుకూ మా ఊరికీ వెయ్యి కిలోమీటర్లు దాటి దూరం ఉన్నా రెండింటినీ కలిపేది ఒకే రైలు దారి. ఆ దారికి ఒకప్పుడు గోదావరి దగ్గర అడ్డం పడేది. ఇవతల గట్టున రైలు దిగి, ఏరు దాటి, అవతల గట్టున మళ్లీ రైలెక్కాలి. 1900లో రాజమండ్రి, కొవ్వూరుల మధ్య ఆ అవస్థ తీర్చిన హేవ్‌లాక్ వంతెన గురించే ఈ ఉత్తరం. మీకు విడిగా పంపకుండా నలుగురి ముందూ రాస్తున్నానంటే కారణం ఉంది. ఆ వంతెన తమదనుకునేవాళ్లు గోదావరి రెండు గట్ల మీదే కాదు, హౌరాలో, ఖరగ్‌పూర్‌లో, హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లుల బస్తీల్లో కూడా ఉన్నారు. వాళ్ల మాటా ఇందులో కలవాలి.

2025 జూన్ 26న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో అఖండ గోదావరి పర్యాటక పథకానికి శంకుస్థాపన జరిగిందని, 94.44 కోట్ల ఆ పథకంలో హేవ్‌లాక్ వంతెన కూడా ఉందని తెలిసినప్పుడు మా ఇంట్లో అందరం సంతోషించాం. 1997లో రైళ్లు ఆగిపోయినప్పటి నుంచి దాన్ని తుక్కు కింద అమ్మేస్తారని ఒకసారి, పర్యాటక కేంద్రం చేస్తారని ఇంకోసారి వినడమే తప్ప పని మొదలైన జాడ లేదు. ఇన్నేళ్లకు డబ్బు కేటాయించి పూనుకున్నారు. ఆ మేలు ముందుగా చెప్పుకోవాలి. ఇక నేను అడగదలచుకున్నది ఒక్కటే. ఆ వంతెనను వంతెనగానే నిలబెట్టండి. వేడుకకు వెనక తెరగా మార్చకండి. ఉన్న డబ్బులో మొదటి రూపాయి ఇనుముకు వెళ్లాలి. దీపాలు, ఆర్చీలు, తినుబండారాల కొట్లు ఆ తర్వాత.

ఆ వంతెన ఎంత పనో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1897 నవంబరులో మొదలుపెట్టి 1900 ఆగస్టుకు రైలు నడిపారు. మూడేళ్లు నిండలేదు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు. స్తంభాల మందం వదిలేసి కూడినా రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. ఏటా వరద వచ్చే నదిలో, ఇసుక కింద గట్టి నేల తగిలేదాకా బావులు దింపి, వాటి మీద రాతి స్తంభాలు లేపి, వాటి మీద గర్డర్లు ఎక్కించారు. అంతకు ముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ ఈ పని నడిపించాడు. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవ్‌లాక్‌ది పెట్టారు. అదే 1900లో ఇటు బెంగాల్‌లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీద వంతెన తయారైంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద అంతకు ముందే 1893లో కట్టేశారు. అలా ఒక్కొక్క నదినీ దాటుకుంటూ మద్రాసు నుంచి హౌరా దాకా పట్టాలు కలిశాయి.

పట్టాలు కలిశాక మనుషులు కదిలారు. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలకూ టిటాగఢ్, రిష్రా జూట్ మిల్లులకూ తెలుగువాళ్లు తరలివచ్చారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే, ఆ వలసల బలగమే దానికి ఆధారం. మా తాత కొవ్వూరు పక్క పల్లె నుంచి బయలుదేరి లిలువా చేరాడు. గోదావరికి దక్షిణాన ఉన్న పల్లెల నుంచి ఇటు వచ్చిన ప్రతి కుటుంబమూ, 1974లో రెండో వంతెన వచ్చేదాకా, ఆ ఇనుప వంతెన మీదుగానే వచ్చింది. సెలవులకు ఇంటికి వెళ్లినా అదే దారి. పెట్టెలో ఎవరో ఒకరు గోదావరి వచ్చిందని కేకేసేవాళ్లు. నిద్రపోతున్న పిల్లల్ని లేపి, చేతిలో చిల్లర పెట్టి నదిలో వేయించేవాళ్లు. మా నాన్నమ్మ దృష్టిలో సొంతూరు కొవ్వూరు స్టేషన్లో మొదలవదు, వంతెన మొదటి ఖానాలోనే మొదలవుతుంది.

మా నాన్న వర్క్‌షాపులో రివిటు పని చేశాడు. ఆ పని సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే హేవ్‌లాక్ వంతెనను నిలబెట్టింది అదే, రేపు మరమ్మతులో అన్నింటికంటే ముందు నష్టపోయేదీ అదే. రివిటును కొలిమిలో ఎర్రగా కాలుస్తారు. చల్లారేలోపు రెండు రేకుల బెజ్జంలో దూర్చి, ఒక పక్క అదిమిపట్టి, రెండో పక్క సుత్తితో తల కడతారు. చల్లారేకొద్దీ రివిటు పొడవు తగ్గుతుంది. తగ్గుతూ రెండు రేకుల్నీ ఒకదానికొకటి బిగించేస్తుంది. బోల్టులా సులువుగా వదులు కాదు. మంచి రివిటును సుత్తితో కొడితే ఒక రకం మోత, వదులైనదాన్ని కొడితే ఇంకో రకం మోత. నాన్న చేత్తో తాకి, చెవితో విని చెప్పేవాడు. వంతెనలు చూసే పాత గ్యాంగుల్లో ఆ పని తెలిసినవాళ్లు ఉండేవారు. ఇప్పుడు వేడి రివిటు వేసే చేయి ఎక్కడా సులువుగా దొరకదు. అందుకని కాంట్రాక్టరు పాత రివిటు కోసేసి అక్కడ వెల్డింగు పెడదామంటాడు. ఆ కాలపు స్టీలు వెల్డింగు కోసం చేసింది కాదు. నమూనా తీసి, ల్యాబులో పరీక్షించి చూడకుండా దానికి వెల్డింగు మంట చూపించకూడదు. రివిటు తీయక తప్పని చోట హై టెన్సైల్ బోల్టు వేసే పద్ధతి ఉంది. టెండరు షరతుల్లోనే ఈ మాట రాయించండి. ఒకసారి మంట పెట్టాక వెనక్కి తీసుకోలేం.

తుప్పు సంగతి హౌరా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1943లో తెరిచిన మా హౌరా బ్రిడ్జి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా పూర్తయింది, 26,500 టన్నుల స్టీలు. లక్షల మంది నడిచే ఆ వంతెనకు పెద్ద గండం వరద వల్లో పిడుగు వల్లో రాలేదు, పాన్ ఉమ్ము వల్ల వచ్చింది. డెక్కును వేలాడదీసే హ్యాంగర్ల మొదళ్లు ఉమ్మి ఉమ్మి కొరుక్కుపోయాయి. చివరికి ఆ వంతెనను చూసుకునే పోర్టు వాళ్లు వాటికి ఫైబర్ గ్లాసు తొడుగులు వేయాల్సి వచ్చింది. పక్షుల రెట్టలతో అదో యుద్ధం. రేపు హేవ్‌లాక్ మీద జనం నడుస్తారు, తింటారు, ఉమ్ముతారు, ఐస్‌క్రీం కప్పు గర్డరు మూలలో కుక్కి వెళ్తారు. ఆ మూలల్లోనే వాన నీరు నిలుస్తుంది. రెండు రేకుల సందులో తుప్పు పట్టిందంటే అది ఉబ్బి రేకుల్నే వంచేస్తుంది. కాబట్టి నీరు నిలిచే ప్రతి మూలకూ దారి ఉండాలి. ఊడ్చే మనిషి రోజూ ఉండాలి. ఆ ఊడ్చే మనిషి జీతం కూడా వంతెన ఖర్చే.

రంగుకు ఎంత డబ్బు, ఎంత శ్రద్ధ కావాలో స్కాట్లాండ్‌లోని ఫోర్త్ వంతెన చూపిస్తుంది. 1890 నాటి ఆ రైలు వంతెనకు ఈ శతాబ్దం మొదటి పదేళ్లలో పాత పూతలన్నీ తీసి, లోహం తేలేదాకా శుభ్రం చేసి, మూడు పూతల కొత్త రంగు వేశారు. పని 2011లో పూర్తయింది. రెండు దశాబ్దాలకు పైగా మన్నుతుందని అంచనా. పైపైన పాత తుప్పు మీదే రంగు కొడితే రెండు వానలకు పొక్కి లేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాత రోజుల్లో ఇనుముకు మొదటి పూతగా వాడింది సీసం కలిసిన ఎర్ర రంగే. ఇసుక పేల్చి దాన్ని రాలిస్తే ఆ పొడి గోదావరిలో పడుతుంది. ఆ నీళ్లే రాజమండ్రి తాగుతుంది, దిగువన ధవళేశ్వరం కాలువల్లోకీ వెళ్తుంది. పూత గీకి సీసం ఎంతుందో ముందు పరీక్ష చేయించండి. ఖానా చుట్టూ గుడ్డలు కట్టి, రాలిన పొడిని గోతాల్లోకి ఎత్తించి, పని చేసే కుర్రాళ్లకు సరైన మాస్కులు ఇప్పించండి. నాన్నతో పనిచేసినవాళ్లలో దగ్గుతో పోయినవాళ్లను చూశాను కనుక ఇంత గట్టిగా అడుగుతున్నాను.

ఇంకొక్క సాంకేతిక విషయం. 150 అడుగుల గర్డరు శీతాకాలపు తెల్లవారుజాముకూ రోహిణి కార్తె మధ్యాహ్నానికీ ఒకే పొడవు ఉండదు. స్టీలు వేడికి సాగుతుంది. నలభై డిగ్రీల తేడాకు ఒక్కో గర్డరు రెండు సెంటీమీటర్లు దాటి సాగుతుంది. ఆ సాగే వీలు కోసమే స్తంభం మీద ఒక కొస కదిలేలా బేరింగు పెడతారు. మట్టి పేరుకుని అది బిగుసుకుపోతే ఆ తోపుడంతా రాతి స్తంభం మీద పడుతుంది. నడవడానికి చదునుగా ఉంటుందని 56 ఖానాల మీదా ఏకంగా పలక పోస్తే, మన చేతులతో మనమే వంతెనను బిగించినవాళ్లం అవుతాం. పైగా బరువు. మూడు మీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల మందం కాంక్రీటంటే ఒక్క ఖానా మీద 34 టన్నులు. అది పగలూ రాత్రీ దిగని బరువు. చెక్క, స్టీలు జాలీ, తేలిక పలకలు, ఏదైనా పర్వాలేదు గానీ కాంక్రీటు వద్దు.

ఇక జనం. పండగ జనం అంటే ఎంత బరువో చాలామంది ఊహించరు. గుంపులు చేరే చోట చదరపు మీటరుకు 500 కిలోలు లెక్క వేయాలని మన ఇంజనీర్ల నియమావళే చెబుతుంది. మూడు మీటర్ల దారి నిండితే ఒక్కో ఖానా మీద 68 టన్నుల పైమాటే. వయసులో ఉన్నప్పుడు ఆవిరి ఇంజన్లను మోసిన వంతెనకు ఇదొక లెక్కా అనిపించవచ్చు. మోయగలదనే నేనూ ఆశపడుతున్నాను. కానీ ఆశ వేరు, కొలత వేరు. 2022 అక్టోబరులో మోర్బీలో మరమ్మతు చేసి తెరిచిన తీగల వంతెన నాలుగు రోజులకే తెగి 135 మంది పోయారు. 2025 జూన్ 15న పుణె దగ్గర కుండ్‌మళాలో ఇంద్రాయణి మీది పాత ఇనుప వంతెన ఆదివారపు రద్దీకి కూలి నలుగురు చనిపోయారు. అది కూడా వానాకాలపు నదిని చూడవచ్చినవాళ్లతో నిండిన వంతెనే. 2015 పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాటకు పాతికమందికి పైగా బలయ్యారు. ఆ ఊరివాడైన మీకు ఆ ఉదయం నేను గుర్తు చేయనక్కర్లేదు. 2027లో మళ్లీ పుష్కరాలు. ఘాట్‌లో పట్టని జనం వంతెన ఎక్కాలని చూస్తారు. అందుకే అడుగుతున్నాను. ప్రతి ఖానానూ బరువు పెట్టి పరీక్షించి, ఏ ఖానా మీద ఒకేసారి ఎంతమంది ఉండవచ్చో రెండు కొసల్లో తెలుగులో పెద్ద బోర్డు రాయించండి. లెక్కపెట్టి లోపలికి వదిలే మనుషుల్ని పెట్టండి.

ఇవన్నీ చదివితే పాత వంతెనను వాడుకోవడమే తప్పని నేను అంటున్నట్టు అనిపించవచ్చు. కాదు. బీహార్‌లో సోన్ నది మీద కోయిల్వర్ వంతెన 1862 నాటిది. హౌరా నుంచి పట్నా దాటి వెళ్లే రైళ్లు ఇవాళ్టికీ దాని మీదే పోతాయి. ఇనుముకు వయసు శత్రువు కాదు, అశ్రద్ధ శత్రువు. రైళ్లు మానేసిన వంతెనకు రెండో బతుకు ఇచ్చిన గొప్ప ఉదాహరణ అమెరికాలో హడ్సన్ నది మీద ఉంది. 1889లో తెరిచిన పకీప్సీ రైలు వంతెన 1974లో నిప్పంటుకుని మూతపడింది. ముప్ఫై అయిదేళ్లు అలాగే నిలబడి ఉంది. 2009లో నడకదారిగా తెరిచారు. పొడవు రెండు కిలోమీటర్లు. హేవ్‌లాక్ అంతకంటే పెద్దది. ఎగువన పాపికొండల నుంచి దిగివచ్చే నీళ్లు, లంకలు, పక్కనే 1974 నాటి రోడ్డు రైలు వంతెన, 1997 నాటి ఆర్చీల వంతెన, ఇవన్నీ కాళ్ల కింద గోదావరితో చూడగలిగే చోటు దేశంలో ఇంకొకటి లేదని నా నమ్మకం.

మా వైపు అలాంటి అవకాశం చేతికందే దూరంలో ఉంది. నైహతీ, బండేల్ మధ్య హుగ్లీ మీది జూబిలీ వంతెన 1887 నాటిది. 2016 ఏప్రిల్‌లో దానిమీద రైళ్లు ఆపేసి పక్కనే కొత్త వంతెనకు మళ్లించారు. పాతదాని గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడ తక్కువ. గోదావరి మీద మీరు చేసి చూపిస్తే, హుగ్లీ మీద మేం అడగడానికి ఒక దారి దొరుకుతుంది.

స్తంభాల గురించి రెండు మాటలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వెళ్లినప్పుడు కూడా ఆ రాతి స్తంభాలు చెక్కుచెదరలేదు. బావుల అడుగున గట్టి నేల ఉన్నా, వాటిని పక్కల నుంచి పట్టి ఉంచేది చుట్టూ ఉన్న ఇసుక. ఆ ఇసుక తవ్వుకుపోతే బావి పునాదుల పట్టు సడలుతుంది. పడవలతో ఇసుక తోడేవాళ్లను వంతెన ఛాయల్లోకి రానివ్వకూడదు. ప్రతి వరద తర్వాత ఈతగాళ్లను దింపి పునాదులు చూపించాలి. పర్యాటక శాఖ ఒక్కటే చేయగల పని కాదిది. జలవనరులు, గనుల శాఖలతో కలిసి కూర్చోవాలి. మీరు పిలిస్తే వాళ్లు వస్తారు.

జనానికి ఏం చూపించాలన్నది చివరి సంగతి. నా మనవి, కనీసం రెండు ఖానాల్లో పాత పట్టాలు, స్లీపర్లు, రివిటు తలలు కనబడేటట్టు ఉంచండి. మిగతా చోట నడకదారి వేసుకోండి. గర్డర్లకు ప్లాస్టిక్ పూలతీగలు చుట్టొద్దు, ఫ్లెక్సీల కోసం బెజ్జాలు వేయొద్దు. ఏ కమ్మీ నొక్కుడు ఓర్చుకుంటోంది, ఏ కమ్మీ లాగుడు ఓర్చుకుంటోంది అన్నది అక్కడే రంగు గీతలతో చూపితే పదో తరగతి పిల్లకు కూడా అర్థమవుతుంది. కొవ్వూరు గట్టును మాత్రం మరిచిపోకండి. ఏ పథకమైనా రాజమండ్రి వైపే ఆగిపోవడం అలవాటైపోయింది. మ్యూజియం కొవ్వూరు కొసన పెట్టండి. గోష్పాద క్షేత్రానికి వచ్చేవాళ్లు అటూ వస్తారు, ఆ పల్లెల ఆడవాళ్లకు నాలుగు దుకాణాలు నడుస్తాయి, వంతెన ఏ పల్లెల మనుషుల్ని దేశం మీదికి పంపిందో ఆ పల్లెలకే దాని కథ చెప్పే పని దక్కుతుంది.

ఆ కథలో గవర్నరు పేరూ ఇంజనీరు పేరూ ఎలాగూ ఉంటాయి. బావుల్లో దిగి మట్టి తోడినవాళ్లు, ఎండకు కాలిన గర్డర్ల మీద రివిట్లు వేసినవాళ్లు, తర్వాతి తొంభై ఏడేళ్లూ తాళ్లకు వేలాడి రంగు కొట్టిన గ్యాంగులు, వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. దక్షిణ మధ్య రైల్వే పాత జీతాల పట్టీల్లో, పింఛను కాగితాల్లో కొన్నైనా దొరకవచ్చు. ఆ వంతెన మీద ఉద్యోగం చేసినవాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేయించండి, ఆలస్యం చేస్తే ఆ గొంతులు దొరకవు. ఇటు హౌరా, ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో పాత టిక్కెట్లు, ఉత్తరాలు, స్టేషన్లో దిగిన ఫోటోలు ఉన్నాయి. అడిగితే ఇస్తారు. వాటిని పోగుచేసి పంపే పని లిలువాలో నేను చేస్తాను.

పథకానికి కేటాయించిన డబ్బు ఒక్కసారి వచ్చేది. వంతెనకు ఏటా కావాలి. తెరిచే రోజే, ప్రవేశ రుసుములో ఇంత భాగం రంగుకూ తనిఖీకీ తప్ప మరిదేనికీ వాడరాదని జీవో ఇప్పించండి. ప్రతి తనిఖీ నివేదికా తెలుగులో జనం ముందు పెట్టించండి. పుష్కరాల నాటికి బరువు పరీక్షలు పూర్తి కాకపోతే, ఎవరు ఎంత ఒత్తిడి చేసినా వంతెన తెరవకండి. 2027లో మూసి ఉంచి 2028లో తెరిచినా మేం వస్తాం. హౌరాలో రైలెక్కి, కొవ్వూరులో దిగి, నడిచి అవతలికి వెళ్తాం.

ఇట్లు,
లిలువా, హౌరా జిల్లా నుంచి
ఒక రైల్వే కార్మికుడి కొడుకు